‘ఎక్లా’ మూలం మెరుపు కాదు, ముక్క

సంపాదకులకు,

నమస్కారములు.

పరభాషా పదాలను పరిచయం చేసే మీ ఆదివారం శీర్షికలో ఇటీవల ‘ఎక్లా’ అనే మాటను తీసుకున్నారు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ఆ మాటకు ‘ఘనవిజయం’ అని ఒక్క ముక్కలో అర్థం చెప్పి, ఫ్రెంచిలో మెరుపును తెలిపే ‘ఎక్లేర్’కూ దీనికీ మూలం ఒకటేనని, రెండూ వెలుగును సూచించే లాటిన్ మాట నుంచి పుట్టాయని వివరించారు. ఆ శీర్షికను వదలకుండా చదివేవారిలో నేనూ ఒకడిని కనుక చెప్పక తప్పడం లేదు: ఇచ్చిన అర్థం సగమే సరి, మూలం మాత్రం పూర్తిగా పొరపాటు. పైగా ఆ పొరపాటు వల్ల ఈ మాటలోని అసలు సొగసు పాఠకులకు అందకుండా పోయింది. అందుకే కొంచెం విస్తరించి రాస్తున్నాను, నిడివిని మన్నించగలరు.

మొదట మూలం సంగతి. నేటి ఫ్రెంచిలో ‘ఎక్లా’ అనే నామవాచకం, ‘ఎక్లాతే’ అనే క్రియ జంటగా ఉన్నాయి. క్రియకు తొలి అర్థం పగలడం, పేలడం, ముక్కలుగా చెదరడం. నామవాచకానికి తొలి అర్థం అలా పగిలినప్పుడు ఎగిరిపడే ముక్క, పెచ్చు, పేడు. 12వ శతాబ్దపు ఫ్రెంచిలో ఈ మాట ‘ఎస్క్లాట్’ అనే రూపంలో ఉండేది. కర్ర చీలినప్పుడో రాయి పగిలినప్పుడో విడివడే తునకకు అది పేరు. ఆనాటికి దానికి వెలుగుతో గాని, విజయంతో గాని ఏ సంబంధమూ లేదు.

ఈ మాట వెనుక ఫ్రాంకుల భాషలోని ఒక ధాతువు ఉందని నిఘంటుకారులు ఎక్కువగా భావిస్తారు. చింపడం, చీల్చడం దాని అర్థం. 5వ శతాబ్దం చివర, నేటి ఫ్రాన్సు ప్రాంతమైన గాల్ దేశాన్ని వశం చేసుకున్న ఈ జర్మానిక్ జాతివారు, గెలిచిన చోట తమ భాషను నిలుపుకోలేక అక్కడి జనం మాట్లాడే లాటిన్‌కే లొంగిపోయారు. అయినా దేశానికి తమ పేరు, ఆ భాషకు తమ మాటలు కొన్ని వందలు ఇచ్చి వెళ్లారు. ఫ్రెంచిలో యుద్ధానికీ, తోటకూ, తెలుపు రంగుకూ వాడే మాటలు అలా మిగిలినవే. మనం చెప్పుకుంటున్న ధాతువుకు ఇంగ్లీషులో చీలికను తెలిపే ‘స్లిట్’, జర్మన్‌లో చీల్చడాన్ని తెలిపే ‘ష్లైసెన్’ దగ్గరి చుట్టాలు. ఈ వ్యుత్పత్తికి ముందు ‘బహుశా’ అనే మాటను నిఘంటువులు తప్పక చేరుస్తాయి, చేర్చవలసిందే. కాని ‘ఎక్లేర్’ విషయంలో అటువంటి సందేహం లేదు. అది వెలిగించు అనే అర్థం గల ‘ఎక్లేరే’ నుంచి వచ్చింది, దాని వెనుక ప్రకాశవంతమైనది అనే అర్థం గల లాటిన్ ‘క్లారుస్’ ఉంది. అక్కడ మొదటి నుంచీ వెలుగే. ఇక్కడ మొదటి నుంచీ విరగడమే. రెండు మాటల ముందుభాగాలు ఒకేలా వినిపించినంత మాత్రాన వాటిని ఒక తల్లి బిడ్డలను చేయలేము.

నిజానికి చాలామందిని ‘క్లారుస్’ వైపు లాగేది ఈ మాటలోని ‘క్ల’ అనే సంయుక్తాక్షరమే. ఆ క కారం ఫ్రాంకుల ధాతువులోనిది కాదు, మధ్యలో వచ్చి చేరినది. లాటిన్ మాట్లాడేవారి నాలుకకు ‘స్ల’ అనే కలయిక అలవాటు లేకపోవడంతో దానిని ‘స్క్ల’ అని పలికేవారు. స్లావు జాతి పేరు లాటిన్‌లో ‘స్క్లావుస్’ అయి, ఆపైన ఫ్రెంచిలో బానిసకు ‘ఎస్క్లావ్’ అనే పేరుగా స్థిరపడింది కూడా ఈ పద్ధతిలోనే. ఇక ముందు చేరిన ఎ కారం గురించి తెలుగువారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. స కారంతో మొదలయ్యే సంయుక్తాక్షరం నోరు తిరగనప్పుడు ముందొక అచ్చును ఆసరాగా పెట్టుకుని ‘ఇస్కూలు’, ‘ఇస్టేషను’ అనే మనం, లాటిన్ ‘స్కోలా’ను ‘ఎస్కోల్’ చేసుకున్న పాతకాలపు ఫ్రెంచివారిని చూసి నవ్వలేము. తరువాతి కాలంలో వారు ఆ స కారాన్ని పలకడం మానుకున్నారు. ‘ఎస్కోల్’ ‘ఎకోల్’ అయింది, ‘ఎస్క్లాట్’ ‘ఎక్లా’ అయింది. చివరి ట కారం రాతలో మిగిలింది, నోటి నుంచి పోయింది. కనుక మీ శీర్షికలో ఒకచోట కనిపించిన ‘ఎక్లాట్’ అనే రూపం అచ్చు చూసి రాసినదే తప్ప విని రాసినది కాదు.

ఈ స కారం కథలో ఒక చిత్రం ఉంది. ఇంగ్లీషు ఈ మాటను ఒకసారి కాదు, రెండుసార్లు అరువు తెచ్చుకుంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాత ఫ్రెంచి మాటలు అక్కడికి వరదలా వచ్చిపడిన కాలంలో, స కారం ఇంకా పలుకుతున్న పాత రూపం వెళ్లి, 14వ శతాబ్దానికి ‘స్లేటు’ అయింది. అవును, అక్షరాలు దిద్దుకునే స్లేటే. ఆ రాయి గుణం తెలిసినవారికి పేరు ఎందుకు వచ్చిందో వెంటనే తడుతుంది: పొరలు పొరలుగా ఉండే ఆ రాతి అంచున ఉలి ఆనించి నేర్పుగా తట్టితే, పలుచని సమమైన పలకలుగా విడిపోతుంది. విడివడే ముక్క అనే అర్థమే దానికి పేరైంది. స్కాట్లాండువారు దీనిని క కారంతో ‘స్క్లేట్’ అనడం పాత రూపానికి సాక్ష్యంగా మిగిలింది. రొట్టె ముక్కకు వాడే ‘స్లైసు’ కూడా పాత ఫ్రెంచి మీదుగా చీలిక అనే అర్థంతోనే ఇంగ్లీషు చేరిన మాట; అదీ ఈ బంధువర్గంలోనిదే. ఆ తరువాత 1670ల నాటికి అదే మాట స కారం పోగొట్టుకుని, పట్టుబట్టలు కట్టుకుని ‘ఎక్లా’గా రెండోసారి ఇంగ్లీషులో అడుగుపెట్టింది. ఫ్రాన్సులో ప్రవాసం గడిపిన రెండవ చార్లెస్ 1660లో తిరిగి వచ్చి గద్దెనెక్కాక, ఇంగ్లీషు సంపన్నులకు ఫ్రెంచి మాట ఒక అలంకారమైపోయిన రోజులవి. ఇలా ఒకే మాట రెండు వయసులలో రెండు వేషాలతో రావడం అరుదేమీ కాదు. ‘హాస్టల్’ మొదటి రాకలో వచ్చింది, ‘హోటల్’ స కారం రాలిపోయాక వచ్చింది; రెండింటికీ మూలం ఒక్కటే. స్లేటుకూ ఎక్లాకూ ఉన్న సంబంధం అచ్చంగా అదే. ఫ్రెంచివారు మాత్రం ఆ రాయిని ఇప్పుడు ‘ఆర్దువాజ్’ అనే వేరే పేరుతో పిలుస్తారు.

ముక్క అనే అర్థం ఫ్రెంచిలో పాతబడి పోయిందనుకోరాదు. పగిలిన గాజు పెంకు ఎక్లా, పేలిన ఫిరంగి గుండు నుంచి దూసుకువచ్చే ఇనుప తునక ఎక్లా. ఆదిమానవుల రాతి పనిముట్లను పరిశోధించేవారు, పెద్ద రాతిని మరో రాతితో కొట్టినప్పుడు దాని నుంచి ఊడివచ్చే పదునైన పెచ్చును నేటికీ ఎక్లా అనే అంటారు. పారిస్ శివారులోని లెవలువా పేరుతో ప్రసిద్ధమైన రాతిపెచ్చుల పద్ధతిని వివరించే ఫ్రెంచి వ్యాసాలలో ఈ మాట అడుగడుగునా తగులుతుంది. మరోవైపు పెద్దగా వినిపించే గొంతులు ఎక్లాలే, ఫక్కున బయటపడే నవ్వు ఎక్లాయే. యుద్ధం మొదలైనా, తుఫాను విరుచుకుపడినా, దాచిన నిజం బయటపడినా వారు వాడే క్రియ ‘ఎక్లాతే’. లోపల అదిమి ఉన్నదేదో ఒక్కసారిగా గోడ బద్దలు కొట్టుకుని బయటకు రావడం వీటన్నింటిలోనూ సామాన్యం.

అటువంటి మాటకు ప్రకాశం అనే అర్థం ఎలా పట్టింది? పగిలేది కంటికి, చెవికి ఒకేసారి తగులుతుంది. చప్పుడు వినిపించి తల తిప్పేలోగా తునకలు ఎగురుతాయి, తళుక్కుమంటాయి. ఆ హఠాత్తును వెలుగుకు ఆపాదించినప్పుడు, స్థిరంగా వెలిగే దీపం కాంతి కాకుండా కళ్లలోకి ఒక్కసారి దూసుకువచ్చే కాంతికి ‘ఎక్లా’ పేరైంది. ఈ తేడాను ఫ్రెంచి నావికుల పరిభాష ఎంతో శుభ్రంగా నిలుపుకుంది. సముద్రతీరపు దీపస్తంభాలలో, చీకటి వ్యవధి కన్నా వెలుగు వ్యవధి తక్కువగా ఉండి, రెప్పపాటు మెరిసి ఆగిపోయే దీపాన్ని వారు ‘ఎక్లాల దీపం’ అంటారు. ఎక్కువసేపు వెలుగుతూ మధ్యమధ్య కాసేపు మరుగయ్యే దీపానికి వేరే పేరుంది. ఫ్రాన్సులోని జిరోండ్ నదీముఖంలో ఉన్న కోర్దువాన్ దీపస్తంభంలో 1823లో భౌతికశాస్త్రజ్ఞుడు ఓగుస్తాఁ ఫ్రెనెల్ అమర్చిన తిరిగే కటకాల దీపం మైళ్ల దూరంలోని నావలకు పంపింది ఇటువంటి మెరుపులనే. నిలిచి ఉండే వెలుగు ఎంత గొప్పదైనా ఆ పరిభాషలో ఎక్లా కాదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే, విజయానికి ఈ మాటను వాడేటప్పుడు ఏ విజయానికి వాడాలో సగం తెలిసిపోతుంది.

విరగడం నుంచి వెలగడం దాకా సాగిన ఈ ప్రయాణం ఫ్రెంచివారి ప్రత్యేకత అనుకుంటే మన భాషను మనం వినడం లేదన్నమాట. ‘పగలబడి నవ్వారు’ అని రాయని కథకుడు తెలుగులో ఉండడు. ఫ్రెంచివాడు నవ్వుకు ‘ఎక్లాతే’ వాడినప్పుడు అన్నదీ అదే, ఒక్క అక్షరం తేడా లేదు. కొమ్మలు విరిగేటంతగా కాస్తే చెట్టు ‘విరగకాసింది’ అంటాము. వేదిక మీద ఎవరైనా అద్భుతంగా పాడితే, ఆడితే, నటిస్తే యువకులు ‘ఇరగదీశాడు’ అంటారు, ఇంకా ఉత్సాహం వస్తే ‘చించేశాడు’ అంటారు. ఈ చివరి రెండు మాటలను పెద్దలు మోటుగా భావించి పత్రికల గడప తొక్కనివ్వరు. కాని చింపు అనే అర్థం గల ఫ్రాంకుల ధాతువు నుంచి బయలుదేరి రాజాస్థానాలకు చేరిన ఎక్లా చరిత్రనూ, ఈ మాటల నడకనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా వయసులోనే తప్ప వంశంలో లేదనిపిస్తుంది. మూడు వందల ఏళ్ల తరువాత ‘ఇరగదీయడం’ ఏ సభామర్యాదను సంపాదించుకుంటుందో ఎవరు చూడవచ్చారు!

సంస్కృతం కూడా ఈ దారినే నడిచింది. పగలడం, విచ్చుకోవడం అనే అర్థాలు గల ‘స్ఫుట్’ ధాతువు నుంచి ఒకవైపు ‘విస్ఫోటం’ పుట్టింది, మరోవైపు ‘స్ఫుటం’, ‘ప్రస్ఫుటం’ పుట్టాయి. పగిలి విచ్చుకున్నది లోపలిదంతా చూపుతుంది కనుక స్పష్టంగా కనబడేది స్ఫుటమైంది. మీ పత్రికలో ఒకే పుటలో పేలుడు వార్తకు విస్ఫోటమనీ, ఒక నాయకుడి ముఖంలో ఆనందం ప్రస్ఫుటంగా కనిపించిందనీ చదువుతున్నప్పుడు ఆ రెండూ ఒకే గర్భం నుంచి వచ్చాయని మనకు తట్టదు. ఫ్రెంచివారికి మాత్రం పేలుడూ ప్రకాశమూ ఒకే మాటలో ఎదురుగానే ఉన్నాయి.

ఇక అర్థం. ఇంగ్లీషు నిఘంటువులు ఈ మాటకు మొదట చూపేది ఆడంబరంతో కూడిన ప్రకాశం. కళ్లకు కట్టే విజయం అనే అర్థం 1741 నాటికి నమోదైంది. ఆ రెండింటి మధ్యా, వాటి పక్కనా, జనం చేసే కరతాళధ్వనులు, పేరుప్రతిష్ఠలు, ఒకప్పుడు మంచి చెడులతో నిమిత్తం లేకుండా పదిమంది నోళ్లలో పడడం కూడా ఈ మాటకు అర్థాలుగా ఉన్నాయి. వీటన్నింటిలోనూ చూసేవాడు ఒకడు తప్పనిసరి. ఎవరూ చూడని చోట విజయం ఉండవచ్చు, ఎక్లా ఉండదు. ఒక గణితజ్ఞుడు ఏళ్ల తరబడి శ్రమించి ఒక సిద్ధాంతాన్ని నిరూపిస్తే, దానిని అర్థం చేసుకోగలవారు పదిమందే ఉండి వారు నెమ్మదిగా తలలు ఊపితే, అది గొప్ప విజయమే. దానికి ఈ మాట నప్పదు. అదే వ్యక్తి నిండు సభలో నల్లబల్ల మీద నాలుగు పంక్తులు రాసి, అప్పటిదాకా ఎవరూ విప్పలేని చిక్కును అందరి కళ్ల ముందే విప్పేసి సభను లేపి నిలబెడితే అది ఎక్లా. విమర్శకుల గౌరవం దక్కి జనాదరణ దక్కని రచనలకు ఫ్రెంచివారు ‘సుక్సే దెస్తీమ్’ అనే వేరే మాటను పెట్టుకున్నారు. ఆ మర్యాదకరమైన విజయం ఎక్లాకు సరిగ్గా ఎదురుగట్టున ఉంటుంది.

అంతే కాదు, విజయం లేని ఎక్లా కూడా ఉంది. ఫ్రెంచిలో ఎవరైనా పదవికి ‘ఎక్లాతో రాజీనామా చేశారు’ అంటే ఘనంగా గెలిచారని అర్థం కాదు. చడీచప్పుడూ లేకుండా తప్పుకోక, నలుగురికీ తెలిసేలా తలుపు దడాలున వేసి వెళ్లారని అర్థం. అటువంటి వాక్యానికి మీ శీర్షిక ఇచ్చిన ‘ఘనవిజయం’ అనే అర్థాన్ని అతికిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు వాక్యాలలో సైతం పని పేరు వేరుగా ఉండి, ఈ మాట ఆ పని జరిగిన తీరునే ఎక్కువగా చెబుతుంది.

అందుకే తెలుగులో దీనికి ఒకే మాటను ఖాయం చేయడం నాకు సమ్మతం కాదు. అయినా ఒక ప్రతిపాదన చేయాలంటే, తీరును చెప్పే సందర్భాలలో ‘అట్టహాసం’ అనే మాట ఉండనే ఉంది. పెళ్లున నవ్విన పెద్ద నవ్వు దాని తొలి అర్థం. ఉత్సవాలు, ప్రారంభాలు ‘అట్టహాసంగా’ జరిగాయని పత్రికలు రోజూ రాసే అర్థం తరువాతిది. పెద్ద నవ్వు నుంచి పెద్ద హంగుకు మారిన ఈ మాటా, పగలబడిన నవ్వునూ ప్రకాశాన్నీ ఒకే ఒరలో ఇముడ్చుకున్న ఎక్లా కూడా ఒకరినొకరు ఎరగకుండానే ఇంచుమించు ఒకే చోటికి చేరాయి. కొంత వ్యంగ్యం ధ్వనించడం ఒక్కటే అట్టహాసంతో చిక్కు. కాని ఎక్లాలోనూ ఆ ఛాయ బొత్తిగా లేకపోలేదు. నిండు మెచ్చుకోలు ఉద్దేశించినప్పుడు ‘కళ్లు చెదిరే విజయం’ అనడం ‘ఘనవిజయం’ కన్నా మూలానికి దగ్గరగా ఉంటుంది. ఘనం బరువును చెబుతుంది. ఈ మాటకు కావలసింది బరువు కాదు, చెదరడం.

అనువాదకులకు పనికివచ్చే రెండు సంగతులు చెప్పి ముగిస్తాను. జర్మన్ భాష ఈ మాటనే ‘ఎక్లా’ అని పలుకుతూ తీసుకుంది గాని, అక్కడ దాని అర్థం రచ్చ, బహిరంగంగా బయటపడిన గొడవ. ఒక సమావేశంలో ఎక్లా జరిగిందని జర్మన్ పత్రిక రాస్తే ఆ సమావేశం విజయవంతమైందని కాదు, ఎవరో లేచి వెళ్లిపోయారనో పరస్పరం అరుచుకున్నారనో గ్రహించాలి. రెండవది, అందరూ మెచ్చే సాహసకార్యాన్ని ఫ్రెంచివారు ‘కూ దెక్లా’ అంటారు. సైనిక కుట్రతో ప్రభుత్వాన్ని కూల్చడానికి వాడే ‘కూ దెతా’తో దీనికి ‘కూ’ ఒక్కటే ఉమ్మడి. తెలుగు లిపిలో రాసినప్పుడు రెండింటికీ తేడా ‘క్లా’, ‘తా’ అనే చివరి అక్షరం దగ్గరే ఉంటుంది. అచ్చుదోషం దొర్లితే పతకం పొందవలసిన సైనికుడు పత్రికలో తిరుగుబాటుదారుడై తేలగలడు. వచ్చే ఆదివారం శీర్షికలో సవరణ వేసేటప్పుడు ఆ అక్షరాలను ఒకటికి రెండుసార్లు సరిచూడవలసిందిగా మీ ప్రూఫు విభాగానికి నా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు